మంచం పక్క మనిషికి విడుపేదీ?

సంక్రాంతి దాటితే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మెట్ట ఊళ్ళలో పగటిపూట మనుషులు పెద్దగా కనపడరు. మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులవి. చీకటి విడకముందే ఊరి సెంటర్లో ఆటోలు బారులు తీరతాయి. ముఠా మేస్త్రీ వచ్చినవాళ్ళను లెక్క చూసుకుంటాడు. అన్నం క్యారేజీలు, నీళ్ళ సీసాలు సర్దుకుని ఆడవాళ్ళు ఎక్కుతారు. ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట, మార్టూరు, దర్శి చుట్టుపక్కల ఎక్కడ చూసినా ఇదే సందడి. సాయంత్రానికి కల్లాలు ఎర్రబడతాయి. గుంటూరు మిర్చి యార్డుకు లక్ష టిక్కీలు (బస్తాలు) వచ్చాయని, తేజ రకం ఇంత పలికిందని మర్నాడు పత్రికల్లో చదువుతాం.

ఆ ఆటో ఎక్కలేకపోయిన మనిషి ప్రస్తావన మాత్రం ఎక్కడా రాదు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారు, మెదడు ఎదుగుదల లేని పాతికేళ్ళ కొడుకు, తాపీ పనిలో పరంజా మీద నుంచి పడి నడుం విరిగిన భర్త, మతిమరుపు ముదిరి సొంత ఇంటి దారి తెలియని మామగారు. ఇలాంటివాళ్ళున్న ఇళ్ళు ఏ ఊళ్ళో అయినా ఒకటో రెండో ఉంటాయి. ఆ ఇంట్లో ఒక మనిషి, చాలావరకు ఆడమనిషి, ఏళ్ళ తరబడి మంచానికి కట్టుబడి ఉంటుంది. ఆమెకు ఆదివారం లేదు, పండగ లేదు. చెల్లెలి కూతురి పెళ్ళికి వెళితే అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే తిరుగు బస్సు ఎక్కుతుంది. తనకు జ్వరం వచ్చినా మాత్ర మింగి లేవాల్సిందే.

మంచాన పడ్డ మనిషిని మన ప్రభుత్వాలు ఆలస్యంగానైనా గుర్తించాయి. ఆ మనిషిని చూసుకునే మనిషిని కాగితం మీద తప్ప ఇంకా గుర్తించలేదు. ఆమెకు కొన్ని గంటలు, కొన్ని రోజులు విడుపు దొరికే ఏర్పాటు మన ఊళ్ళకు చేరనే లేదు. పంటల క్యాలెండరు ఇంత కచ్చితంగా నడిచే ఈ నేల మీద ఆ ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు, దానికి కావలసిన మనుషులూ సంఘాలూ ఇప్పటికే ఉన్నాయి అన్నదే ఈ వ్యాసం వాదన.

ముందు ఆ ఇంటి రోజును కాస్త దగ్గరగా చూడాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం. రాత్రి తడిసిన పక్కబట్టలు తీసి, ఒళ్ళు తుడిచి, పొడి బట్ట వేయడం. అరవై కిలోల మనిషిని ఒక్కతే పక్కకు తిప్పాలి. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి లాగాలి. ఆ తిప్పడంలోనే ఆమె నడుం పోతుంది. యూరిన్ పైపు ఉంటే సంచి ఖాళీ చేయాలి. ముక్కు గొట్టం ఉంటే జావ వడకట్టి పోయాలి. మింగగలిగితే మెత్తగా పిసికిన అన్నం ఒక్కో ముద్దా పెట్టాలి, పొరబోకుండా చూడాలి. దీనికే గంట పడుతుంది. ఈలోగా బయట ఆటో హారన్ మోగుతుంది. కూలి మీద బతికే ఇల్లయితే ఆ హారన్ విని ఇంట్లో ఉండిపోవడం కుదరదు. మంచం పక్కన చేతికందేలా చెంబు పెట్టి, పక్కింటి పెద్దావిడతో ఒక మాట చెప్పి, తలుపు దగ్గరకు వేసి పరిగెత్తుతుంది. మతిమరుపు మనిషో, మానసిక జబ్బు ఉన్న మనిషో అయితే బయట గొళ్ళెం పెడుతుంది. గొళ్ళెం పెట్టినందుకు పొద్దస్తమానం ఆమె మనసు పీకుతూనే ఉంటుంది.

తిరిగొచ్చాక ఇంకో బాధ ఉంది. మిరపకాయ కోసిన చేతులు, కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసిన చేతులు గంటల తరబడి మండుతుంటాయి. సబ్బుతో కడిగినా ఆ ఘాటు పూర్తిగా పోదు. నూనె రాసి, మళ్ళీ కడిగి, మళ్ళీ రాస్తారు. అదే చేతులతో ఆమె మంచంలోని మనిషి కళ్ళు తుడవాలి, నడుము కింద పుండు శుభ్రం చేయాలి. చేతికి గుడ్డ చుట్టుకుని చేసేవాళ్ళున్నారు. ఆమెకొచ్చే కూలి ఆ కాయ మీద వచ్చేదే. ఆ కూలి కోసం చేతికంటిన ఘాటు పోయేదాకా ఇంట్లో మనిషి పుండు ఎదురుచూడాలి.

ఇక్కడ వైద్యపరమైన లెక్క ఒకటుంది. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సింగ్ చదివిన ఎవరైనా చెబుతారు. లేకపోతే తుంటి దగ్గర, మడమల దగ్గర, వెన్ను కింది భాగంలో ఎముకకూ పక్కకూ మధ్య చర్మం నలిగి రక్తప్రసరణ ఆగుతుంది. ముందు ఎర్రబడుతుంది, తర్వాత పొక్కుతుంది, ఆ తర్వాత లోపలికి గుంట పడుతుంది. ఆ పుండుకు చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కి ప్రాణం పోయేదాకా వెళ్ళడం వింత కాదు. కోత కూలి ఇల్లు వదిలితే తిరిగి వచ్చేది ఎనిమిది, తొమ్మిది గంటల తర్వాతే. రెండు గంటల నియమం ఎక్కడ, తొమ్మిది గంటల కూలి ఎక్కడ? ఆ పుండు చూసి ‘సరిగ్గా చూసుకోలేదు’ అని చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళు ఆమెనే అంటారు. ఆ మాట చాలా అన్యాయం.

ఇదివరకు ఈ బరువు ఒక్కరి మీద పడేది కాదన్నది కొంతవరకు నిజం. తోడికోడళ్ళు, ఆడపడుచులు, పెళ్ళి కాని మరదళ్ళు ఉన్న ఇంట్లో చేతులు మారేవి. వేరుపడ్డ కొడుకుల మధ్య తల్లిదండ్రులకు వంతులు పెట్టడం మన ఊళ్ళలో పాత అలవాటే. నెల పెద్దవాడి దగ్గర, నెల చిన్నవాడి దగ్గర. ముసలివాళ్ళ వైపు నుంచి చూస్తే అందులో ఎంత అవమానం ఉందో వేరే చెప్పనక్కర్లేదు. మూటలు సర్దుకుని ఒక గడప నుంచి ఇంకో గడపకు వెళ్ళే తల్లిని చూసి కన్నీళ్ళు పెట్టుకోని ఊరు లేదు. అయితే ఆ వంతుల్లో ఇంకో సంగతి కూడా ఉంది. నెల తిరిగేసరికి పెద్ద కోడలి భుజం మీది బరువు దిగుతుందన్న నమ్మకం ఉండేది. ఇప్పుడు ఆ రెండో గడప లేదు. ఒక కొడుకు హైదరాబాదులో, ఒకడు డాలస్‌లో. లేదా ఉన్నది ఒక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7కు తగ్గారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 2021 నాటికి రాష్ట్ర జనాభాలో అరవై దాటినవారు 12.4 శాతమని, 2031కి 16.4 శాతానికి చేరతారని జాతీయ గణాంక కార్యాలయం అంచనా. ముసలివాళ్ళు పెరుగుతున్నారు, వంతు పంచుకునే ఇళ్ళు తగ్గుతున్నాయి. పెద్దవాళ్ళకు మంచం దగ్గర సేవ చేసే కోడలే యాభై దాటి, మోకాళ్ళ నొప్పులతో, చక్కెర జబ్బుతో ఉంటోంది.

ఈ చాకిరీ ఎవరి నెత్తిన పడుతోందో కూడా లెక్కలున్నాయి. 2024 దేశవ్యాప్త కాల వినియోగ సర్వే ప్రకారం పదిహేను నుంచి యాభై తొమ్మిదేళ్ళ మధ్య ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణ పనిలో ఉంటే, మగవాళ్ళలో ఆ సంఖ్య 21 శాతం చిల్లర. ఆ పనిలో ఉన్న ఆడవాళ్ళు రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్ళు 74 నిమిషాలు. ఇందులో పసిపిల్లల పెంపకం కూడా కలిసి ఉంది. పైగా ఇవి సగటులు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో రాత్రి మూడుసార్లు లేచేదాన్ని ఏ సగటూ పట్టుకోలేదు.

పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఇది ఇంకా గడ్డు సమస్య. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1937లోనే అక్కడి ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో పరిశోధన అచ్చయింది. భారతదేశంలో ఈ జబ్బును శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి ప్రాంతాల్లో అదొకటి. దాదాపు తొంభై ఏళ్ళయింది. ఆ నీళ్ళు తాగి వెన్ను వంగినవాళ్ళు, మెడ తిప్పలేనివాళ్ళు, కూర్చుంటే లేవలేనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ చూసుకునే మనిషి కూడా అవే నీళ్ళు తాగిన మనిషి. వంగిన నడుముతోనే వంగిపోయిన ఇంకొకరిని లేపాల్సిన స్థితి.

ప్రభుత్వం చేసిందేమిటి? 2024 జూలై 1న గుంటూరు జిల్లా పెనుమాకలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎన్టీఆర్ భరోసా పింఛన్ల పంపిణీ మొదలుపెట్టారు. వృద్ధులకు నెలకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతోనో తీవ్రమైన కండరాల క్షీణతతోనో ప్రమాదంలోనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 రూపాయలు. చివరి వర్గానికి అంతకుముందు 5,000 ఇచ్చేవారు. ఒక్కసారిగా మూడింతలు చేయడం చిన్న విషయం కాదు, మెచ్చుకోవలసిన విషయం. మందులు, డైపర్లు, పాలు ఆ డబ్బుతో వస్తున్నాయి. ఎన్నో ఇళ్ళలో మంచాన పడ్డ మనిషికి మళ్ళీ గౌరవం వచ్చింది కూడా.

అయితే డబ్బుతో అన్నీ కొనలేం. ఊళ్ళో కోతల సమయంలో కూలికి మనిషి దొరకడమే గగనం. అలాంటప్పుడు పుండు కడిగి, పక్క మార్చే మనిషి ఎక్కడ దొరుకుతుంది? గుంటూరు, విజయవాడ ఏజెన్సీల నుంచి వచ్చే కేర్‌టేకర్లు అమెరికా నుంచి డబ్బు పంపగల ఇళ్ళకే అందుబాటు. పైగా ఈ 15,000 వర్గం చాలా ఇరుకైనది. మతిమరుపు మనిషి నడుస్తాడు కనుక అందులోకి రాడు. నిజానికి నడిచే మతిమరుపు మనిషిని చూసుకోవడం నడవలేని మనిషిని చూసుకోవడం కంటే కష్టం. క్షణం కన్ను మూసినా వీధిలోకి వెళ్ళిపోతాడు. పక్షవాతం పాక్షికంగా వచ్చినవాళ్ళు, ముసలితనంతో నీరసించి పడుకున్నవాళ్ళు 4,000, 6,000 దగ్గరే ఆగిపోతారు. వాళ్ళ పక్కనున్న మనిషి చాకిరీ మాత్రం తగ్గదు.

చట్టాలు వెతికితే మాటలు బాగానే ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకులు అంటే ఎవరో నిర్వచించింది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులతో సహా సేవ చేసే ఎవరైనా సంరక్షకులే. అదే చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగుల కోసం సంరక్షకుల భత్యం ఉండాలని రాశారు. 1999 జాతీయ ట్రస్టు చట్టం కింద ‘సమర్థ్’ పేరుతో విరామ గృహాల పథకం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం అనే నాలుగు వర్గాలకే అది వర్తిస్తుంది; దరఖాస్తు చేసుకోవలసింది స్వచ్ఛంద సంస్థలు. వృద్ధుల కోసం 1992లో మొదలైన కేంద్ర పథకాన్ని 2008లో సవరించినప్పుడు విరామ గృహాలను కూడా నిధులిచ్చే జాబితాలో చేర్చారు. అదీ సంస్థల ద్వారానే. సంస్థలున్న చోటికి పథకం వెళుతుంది. యద్దనపూడికో, కురిచేడుకో, బొల్లాపల్లికో అది ఎలా చేరుతుంది? 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం పెట్టవచ్చంది. కానీ అది నిరుపేద వృద్ధులు శాశ్వతంగా ఉండే చోటు. పది రోజులు ఉండి ఇంటికి తిరిగి వెళ్ళే మనిషికి ఆ చట్టంలో చోటు లేదు.

కాబట్టి ఢిల్లీ పథకాల కోసం చూడకుండా మన దగ్గరున్న రెండు అనుభవాల నుంచి మొదలుపెట్టడం మేలు.

మొదటిది ఈ మిరప చేలకే వచ్చే వలస కూలీలది. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు లారీల్లో, రైళ్ళలో గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు కోతలకు వస్తాయి. చేల గట్ల మీద, ఊరి బయట డేరాలు వేసుకుని మూడు నాలుగు నెలలు ఉంటాయి. వాళ్ళ పిల్లల చదువు పోతోందని గుర్తించి, కర్నూలు పడమటి మండలాల్లో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. తల్లిదండ్రులు వలస వెళ్ళిన నెలల్లో పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, బడికి వెళతారు. వాటి నిర్వహణలో లోపాలుండవచ్చు, ఆలోచన మాత్రం సరైనది. కోతల కాలంలో ఇంట్లో ఆధారపడిన మనిషికి ప్రభుత్వమే తోడు ఉండాలని ఒప్పుకున్న ఏర్పాటు అది. ఆ ఒప్పుకోలు పిల్లల దగ్గర ఆగిపోయింది. అదే ఇంట్లో వదిలి వచ్చిన ముసలి తల్లి, నడవలేని తమ్ముడు ఏమయ్యారో అడిగేవారు లేరు. చాలామంది వాళ్ళను వదలలేక వెంట తెచ్చుకుంటారు. ఫిబ్రవరి చలికి, ఏప్రిల్ ఎండకు డేరాల్లో ఆ ముసలివాళ్ళు పడే అవస్థ చూడాలంటే యడ్లపాడు, నాదెండ్ల వైపు చేల మధ్య నడిస్తే చాలు.

రెండోది 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని ఒక నిబంధన. పని స్థలానికి వచ్చిన ఆడవాళ్ళ వెంట ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురో అంతకంటే ఎక్కువో ఉంటే, ఆ కూలీల్లోనే ఒకరిని పిల్లలను చూసే పనికి పెట్టాలని, ఆమెకు మిగతావాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలని అది చెప్పింది. దీన్ని సరిగా అమలు చేసిన చోట్లు తక్కువే కావచ్చు. కానీ ఒకరికి కూలి ఇచ్చి నలుగురిని పనికి పంపడం లాభమే తప్ప నష్టం కాదని మన చట్టమే చెప్పినట్టయింది. పసిపిల్లల విషయంలో ఒప్పుకున్న లెక్క, మంచాన పడ్డ అత్తగారి విషయంలో ఎందుకు కుదరదు?

దక్షిణాదిలో మరో రెండు రాష్ట్రాలు ఈ దారిలో కొంత దూరం నడిచాయి. కేరళలో కోళికోడ్ వైద్యులు 1993లో మొదలుపెట్టిన ఉపశమన సేవ, తర్వాత మలప్పురం ఊళ్ళలో స్థానిక వాలంటీర్ల చేతుల్లోకి వెళ్ళింది. 2008లో ఆ రాష్ట్రం దానికి ఒక విధానమే ప్రకటించి, పంచాయతీల బడ్జెట్‌లో చోటిచ్చింది. నర్సు ఇంటికొచ్చి పుండు కడుగుతుంది, పైపు మారుస్తుంది, ఇంట్లోవాళ్ళకు తిప్పడం నేర్పుతుంది. మంచాన పడ్డవాళ్ళను చూసుకునేవారికి ‘ఆశ్వాసకిరణం’ పేరుతో నెలకు 600 రూపాయలు ఇస్తోంది. చిన్న మొత్తమే, అదీ బకాయిలు పడుతుంటుంది. అయినా చూసుకునే మనిషిని వేరే మనిషిగా లెక్కించిన పథకం అది. వృద్ధుల కోసం ‘పకల్ వీడు’ పేరుతో స్థానిక సంస్థలు పగటి కేంద్రాలు నడుపుతున్నాయి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 2004లో తిరువనంతపురం జిల్లా వెంగానూరు పంచాయతీలో మొదలైన బడ్స్ పాఠశాలలు కుటుంబశ్రీ మహిళా సంఘాల తోడ్పాటుతో రాష్ట్రమంతా పాకాయి. తమిళనాడు 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ‘మక్కళై తేడి మరుత్తువం’ ప్రారంభించింది. మందులతో పాటు ఫిజియోథెరపీ, ఉపశమన సేవ గడపలోకి వస్తున్నాయి.

దూరం వెళితే జపాన్ 2000లో తెచ్చిన దీర్ఘకాల సంరక్షణ బీమాలో షార్ట్ స్టే ఒక భాగం. జర్మనీలో సంరక్షణ బీమా కింద, ఇంట్లో చూసుకునే మనిషికి విరామం ఇవ్వడానికి ఏటా 3,539 యూరోల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. అక్కడ బీమా చందాలు కట్టే ఉద్యోగులున్నారు. మనకు కూలి మీద బతికేవాళ్ళున్నారు. కాబట్టి వాళ్ళ నమూనా మనకు అతకదు. వెంగానూరు నమూనా అతుకుతుంది. ఎందుకంటే కేరళకు కుటుంబశ్రీ ఎంతో మనకు డ్వాక్రా సంఘాలు అంత. ఊరూరా గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య, పుస్తకాలు రాయగల అమ్మాయిలు, బ్యాంకు ఖాతా, లెక్క చెప్పే అలవాటు. ముప్పై ఏళ్ళుగా ఈ సంఘాలకు పొదుపు, అప్పు, వడ్డీ మాటలే ఎక్కువ చెప్పాం. సేవ కూడా వాళ్ళు చేయగల పనే, దానికి జీతం ఇవ్వాల్సిన బాధ్యత మనది.

ఆచరణలో ఇది ఎలా ఉండాలి? ఊళ్ళో ఒక పగటి కేంద్రం చాలు. మూతపడ్డ బడి గదో, వాడకం లేని కమ్యూనిటీ హాలో. లోపల ఎనిమిది మంచాలు, గాలి పరుపులు, నీళ్ళ వసతి, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి. సమాఖ్య ఎంచిన నలుగురు మహిళలకు మూడు నెలలు ఆసుపత్రిలో శిక్షణ: తిప్పడం, పుండు కడగడం, గొట్టంతో ఆహారం పోయడం, మింగేటప్పుడు పొరబోకుండా చూడడం, మతిమరుపు మనిషితో కోపం లేకుండా మాట్లాడడం. పత్తి తీతలు మొదలయ్యే అక్టోబరు నుంచి మిరప ఆఖరి కోత ముగిసే ఏప్రిల్ దాకా, ఆటో ఎక్కే వేళకు తలుపు తెరవాలి, ఆటో దిగే వేళ దాటాకే మూయాలి. ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం నాలుగింటికి తాళం వేసే కేంద్రం కోత కూలికి ఎందుకూ కొరగాదు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలకు వచ్చే లోటు ఇదే. మంచి పని చేస్తున్నాయి, కానీ అవి బడి వేళలకూ బడి సెలవులకూ కట్టుబడి ఉంటాయి.

తీసుకురాలేని స్థితిలో ఉన్న రోగి దగ్గరకు ఆ నలుగురిలో ఒకరు ఇంటికే వెళ్ళాలి. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట నియోజకవర్గం లింగంగుంట్లలో నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం ప్రారంభించారు. మధ్యాహ్నం పూట మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు డాక్టరు వెళ్ళాలన్నది అందులో ఒక భాగం. ఏ ప్రభుత్వం పెట్టిన పేరైనా సరే, ఆ ఇంటి సందర్శన నిలవాలి. డాక్టరు వచ్చినప్పుడు రోగి బీపీ చూసి వెళ్ళిపోకుండా, పక్కనున్న మనిషి బీపీ కూడా చూడాలి. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా అని అడగాలి.

పగటి కేంద్రానికి తోడు, ప్రతి ఏరియా ఆసుపత్రిలో నాలుగయిదు మంచాలు చిన్న విడిదికి కేటాయించాలి. చూసుకునే మనిషికి గర్భసంచి ఆపరేషన్ చేయాల్సి వచ్చిందనుకోండి. కొన్ని వారాలపాటు బరువు ఎత్తకూడదు. అలాంటప్పుడు చాలామంది ఆపరేషన్‌నే వాయిదా వేస్తారు, ఏళ్ళ తరబడి. ఏడాదికి రెండు విడతలు, విడతకు పది రోజులు రోగిని ఆసుపత్రి చూసుకుంటుందంటే ఆ వాయిదా తప్పుతుంది. సంక్రాంతికో కొలుపులకో పుట్టింటికి వెళ్ళి నిశ్చింతగా నిద్రపోవడం కూడా తగిన కారణమే. దానికి సర్టిఫికెట్ అడగకూడదు.

ఖర్చు సంగతి. నలుగురు మహిళలకు నెలకు 12,000 చొప్పున ఏడు నెలలకు 3,36,000 రూపాయలు. భోజనం, ఆటో, మందుల దూది, కరెంటు కలిపినా ఆరు లక్షల లోపు ఒక సీజన్ నడుస్తుందని నా అంచనా. 15,000 పింఛను తీసుకునే ఒక మనిషికి ప్రభుత్వం ఏడాదికి ఇచ్చేది 1,80,000. అంటే ముగ్గురు పింఛనుదారులకు ఇచ్చే మొత్తం కంటే కొంచెం ఎక్కువతో ఎనిమిది కుటుంబాలకు చేయి అందుతుంది. ఆ పింఛనులో కోత పెట్టి దీనికి మళ్ళించమని నేను అనడం లేదు, అది తప్పు. 15,000 అందే ఇల్లు రోజుకు కొద్ది మొత్తం కట్టవచ్చు. 4,000 మీద బతికే ఇంటిని ఏమీ అడగకూడదు. ఇంట్లో ఉండిపోయిన ఆడమనిషి ఏడు నెలల కూలి తిరిగి ఇంటికి రావడాన్ని కూడా ఈ లెక్కలో కలపాలి. కోతలకు కూలీలు దొరకడం లేదని మొత్తుకునే రైతులకు కూడా ఇందులో లాభం ఉంది. మార్కెట్ కమిటీలకు మిరప మీద వచ్చే సెస్సులో ఒక చిన్న వాటా ఈ కేంద్రాలకు ఇవ్వమని అడిగితే కాదనడానికి న్యాయం లేదు. ఆ కాయ కోసింది ఈ చేతులే.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. తెచ్చి పడేసి మాయమైతే ఎవరిది బాధ్యత అంటారు. అలాంటివాళ్ళు ఉంటారు. గడువు ముందే రాసుకోవడం, ఇద్దరు బంధువుల సంతకాలు, గ్రామ సచివాలయంలో నమోదు, ఆశా కార్యకర్తకు సమాచారం ఉంటే చాలావరకు తప్పుతుంది. అసలు నా అనుమానం వేరు. వదిలించుకునే ఇళ్ళలో చాలావాటికి అంతకుముందు ఒక్క రోజైనా ఊపిరి పీల్చుకునే వీలు దొరికి ఉండదు. కన్నతల్లిని ఎక్కడో పడుకోబెట్టి కూలికి పోయిందన్న మాట రెండోది. ఆ మాట అనే నోళ్ళు ఒక్క రాత్రి వచ్చి ఆ మంచం పక్కన పడుకుంటే బాగుండు. మనలో చాలామందికి బంధువుల సేవ అంటే పుణ్యం. పుణ్యం ఒకరి ఎముకలు అరిగేలా ఒక్కరి చేతే చేయించుకోవడం మాత్రం ఏ ధర్మమూ చెప్పలేదు.

మూడోది ఎవరూ పైకి అనని అభ్యంతరం: ఎవరి ఒళ్ళు ఎవరు ముట్టుకోవాలి, ఎవరి చేతి ముద్ద ఎవరు తినాలి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళిత హత్యాకాండలు చూసిన నేల ఇది. పగటి కేంద్రం ఊరి మధ్య పెడితే దళితపల్లె ఆడవాళ్ళు తమ వాళ్ళను తేవడానికి జంకుతారు. పల్లెలో పెడితే ఊరివాళ్ళు రారు. సేవ చేసే నలుగురిలో దళిత మహిళలు ఉండాలి, వంట కూడా వాళ్ళు చేయాలి, కేంద్రం అందరికీ సమాన దూరంలో బడి ఆవరణలోనో ఆసుపత్రి ఆవరణలోనో ఉండాలి. ఒప్పుకోని ఇల్లు తన మనిషిని ఇంట్లోనే ఉంచుకోవచ్చు. ఈ విషయంలో మొదటి రోజు మెత్తబడితే ఆ కేంద్రం ఏడాది తిరక్కుండా ఒక కులం కేంద్రమవుతుంది.

అన్ని జిల్లాలకూ ఒకేసారి అనక్కర్లేదు. మండలానికి ఒక ఊరు చొప్పున పల్నాడులో రెండు, బాపట్లలో రెండు, ప్రకాశంలో రెండు ఊళ్ళు ఎంచుకుని ఈ సీజన్‌కే మొదలుపెట్టవచ్చు. పింఛన్ల జాబితా సచివాలయాల్లో ఉంది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళు ఆశా కార్యకర్తలకు తెలుసు. ఆ ఇళ్ళకు వెళ్ళినప్పుడు మంచంలో ఉన్న మనిషి పేరు పక్కన, చూసుకునే మనిషి పేరు, వయసు, ఆమె జబ్బులు కూడా రాయించండి. కలెక్టర్లకు, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ అధికారులకు, మండల సమాఖ్యల అధ్యక్షురాళ్ళకు విన్నపం ఒక్కటే: పత్తి తీతలు అక్టోబరులో మొదలవుతాయి, శిక్షణకు మూడు నెలలు పడుతుంది, కాబట్టి జూలైలోగా ఆ నలుగురు మహిళలను ఎంపిక చేయండి.